ఇంటి నుంచి ఉద్యోగం: నెట్ బిల్లు ఎవరు కట్టాలి, జ్వరమొస్తే జీతం ఎవరివ్వాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి నేను రాజమహేంద్రవరంలోని మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఫిబ్రవరిలో చేరాను. ఆరు నెలల ప్రొబేషన్‌ను ఇప్పుడు తొమ్మిది నెలలు చేశారు. నెలకు మొత్తం 23,000 రూపాయలు ఇస్తున్నారు. అందులో బేసిక్ 15,000, ఇంటి అద్దె అలవెన్సు 4,000, ఇతర అలవెన్సు 1,500, ‘వర్క్ ఫ్రమ్ హోమ్ అలవెన్సు’ 2,500. ఆగస్టులో టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు మంచం దిగలేదు. ప్రొబేషన్‌లో సిక్ లీవ్ ఉండదంటూ 8,433 రూపాయలు కోసేశారు. ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం, జబ్బు కాలపు భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా) సంగతి అడిగితే నా జీతం 21,000 దాటింది కాబట్టి వర్తించదన్నారు. కరెంటు పోయినప్పుడల్లా కాల్స్ తెగిపోతున్నాయని మేనేజర్ గారు చెప్పిన మీదట 18,000 పెట్టి ఇన్వర్టర్ కొన్నాను. ఆ డబ్బు అడిగితే, ఖర్చులన్నీ ఆ 2,500 అలవెన్సులోనే కలిసి ఉన్నాయని జవాబు వచ్చింది. నాకు ఏమైనా వస్తుందా, లేక ఒప్పందం మీద సంతకం చేశాను కాబట్టి నోరు మూసుకోవలసిందేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నోరు మూసుకోవలసిన పని లేదమ్మా. మీ కంపెనీ మీకిచ్చిన రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చదవండి. ఇన్వర్టర్ డబ్బు అడిగినప్పుడు ఆ 2,500 ఖర్చుల కోసం ఇచ్చిన సొమ్ము అన్నారు. ఈఎస్ఐ గురించి అడిగినప్పుడు అదే 2,500ను జీతంలో కలిపి 21,000 దాటించారు. ఒకే సొమ్ము ఒక ఉత్తరంలో ఖర్చు, ఇంకో ఉత్తరంలో జీతం కావడం కుదరదు. మీ సమస్య మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

1948 నాటి ఈఎస్ఐ చట్టం ‘వేతనం’ అంటే ఏమిటో చెబుతూ కొన్నింటిని దాని నుంచి తీసేసింది. ఉద్యోగ స్వభావం వల్ల ఉద్యోగి మీద పడే ప్రత్యేక ఖర్చులను భరించడానికి ఇచ్చే సొమ్ము వాటిలో ఒకటి. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ మినహాయింపు ఉంది. పైగా కొత్త నిర్వచనంలో ఇంటి అద్దె అలవెన్సు కూడా వేతనంలోకి రాదు. మినహాయించిన అంశాలన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగాన్ని మించితే మాత్రం, మించిన భాగాన్ని తిరిగి వేతనంలో కలుపుతారు. మీ విషయంలో ఇంటి అద్దె 4,000, వర్క్ ఫ్రమ్ హోమ్ 2,500 కలిపి 6,500 మాత్రమే. 23,000లో సగం 11,500 కాబట్టి ఆ నిబంధన మీ దాకా రాదు. పాత లెక్కన మీ వేతనం 20,500, కొత్త లెక్కన 16,500. ఏ లెక్కన చూసినా 2017 జనవరి నుంచి ఉన్న 21,000 పరిమితికి లోబడే ఉన్నారు. కంపెనీలో పది మంది, అంతకు మించి ఉద్యోగులు ఉంటే మిమ్మల్ని ఈఎస్ఐలో చేర్చవలసిన బాధ్యత వారిదే.

చేర్చకపోవడం వల్ల కంపెనీకి మిగిలింది ఎంతో కూడా చూద్దాం. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 20,500 మీద లెక్కిస్తే కంపెనీ కట్టవలసింది నెలకు 667 రూపాయలు, మీ జీతం నుంచి కోయవలసింది 154 రూపాయలు. ఇప్పుడు పాత నెలల చందా కట్టవలసి వస్తే, ఆ నెలల్లో కోయని మీ వాటాను రాబోయే నెలల జీతంలోంచి రాబట్టుకునే హక్కు యజమానికి లేదని కూడా గుర్తుపెట్టుకోండి. ‘మీ కోసమే ఆలోచించాం, ఇప్పుడు కడితే ఒకేసారి చాలా కోయవలసి వస్తుంది’ అన్న మాట హెచ్ఆర్ విభాగాల నుంచి తరచుగా వినిపిస్తుంది. దానికి భయపడవద్దు.

అయితే ఈఎస్ఐలో చేర్చి ఉన్నా ఆగస్టు నాటి పదకొండు రోజులకు నగదు వచ్చేది కాదు. కొత్తగా చేరినవారికి వైద్యం మొదటి రోజు నుంచే అందుతుంది గానీ, జబ్బు కాలపు భృతి చేరిన తొమ్మిది నెలల తర్వాతే మొదలవుతుంది. ఆ తర్వాత లెక్క ఇలా ఉంటుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక చందా కాలం, అక్టోబర్ నుంచి మార్చి వరకు మరొకటి. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే మొదటిదానికి ఆ మరుసటి జనవరి నుంచి జూన్ వరకు, రెండోదానికి జూలై నుంచి డిసెంబర్ వరకు భృతికి అర్హత వస్తుంది. సగటు దినసరి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. రోజుకు 600 రూపాయల సగటు ఉంటే 420 చేతికి వస్తుంది. జబ్బు మొదలైన మొదటి రెండు రోజులకు సాధారణంగా ఏమీ ఇవ్వరు. కంపెనీ నుంచి జీతంతో కూడిన సెలవు తీసుకున్న రోజుకు భృతి కూడా తీసుకోవడం కుదరదు. క్షయ, క్యాన్సర్ వంటి 34 దీర్ఘ వ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది. 667 రూపాయలు మిగుల్చుకున్న కంపెనీ మీకు లేకుండా చేసింది దీన్నంతటినీ.

ఇక కోసేసిన 8,433 రూపాయల సంగతి. దీనికి ఈఎస్ఐతో పని లేదు. ‘దుకాణాలు, సంస్థల చట్టం’ సరిపోతుంది. మీరు ఒక రాష్ట్రంలో, కంపెనీ ఒక రాష్ట్రంలో ఉండటం వల్ల ఏ చట్టం వర్తిస్తుందన్న తగాదా మామూలుగా వస్తుంది. మీకు ఆ బాధ లేదు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్నే విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ ఉంచుకున్నాయి. దాని 30వ సెక్షన్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ, ఉద్యోగంలో చేరిన మొదటి పన్నెండు నెలల్లోనూ, ఆ తర్వాత ప్రతి పన్నెండు నెలల్లోనూ, జబ్బు లేదా ప్రమాదం కారణంగా పన్నెండు రోజుల వరకు జీతంతో సెలవు ఉంది. దానికి తోడు మరో పన్నెండు రోజుల క్యాజువల్ లీవ్ ఉంది. 240 రోజులు పనిచేసిన తర్వాత వచ్చే పదిహేను రోజుల ఆర్జిత సెలవు వేరు. జబ్బు సెలవును మొదటి పన్నెండు నెలల్లోనే ఇవ్వాలని చట్టం చెబుతున్నప్పుడు, ఆ నెలలకు ప్రొబేషన్ అని పేరు పెట్టి దాన్ని లేకుండా చేయడానికి ఒప్పందానికి అధికారం లేదు. ఒప్పందం చట్టం ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వగలదు, తగ్గించలేదు. మీరు సంతకం చేసినా చేయకపోయినా ఇది మారదు. మీరు వాడుకున్నది పదకొండు రోజులే కాబట్టి మొత్తం 8,433 తిరిగి అడగవచ్చు. ఏడాది ముగిసేలోగా ఇంకా ఒక రోజు మిగిలే ఉంది.

ఇక్కడ మీ వైపు నుంచి జరిగే పొరపాటు ఒకటి ఉంటుంది, దాన్ని సరిచూసుకోండి. చాలామంది డాక్టర్ రాసిన మందుల చీటీని ఫోటో తీసి పంపి ఊరుకుంటారు. ఆ చీటీ మీద చూపించుకున్న తేదీ ఒక్కటే ఉంటుంది. కంపెనీ ఆ ఒక్క రోజుకే ఒప్పుకుని మిగిలిన పది రోజులకు ‘ఆధారం లేదు’ అంటుంది. మీకు కావలసింది ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు విశ్రాంతి అవసరమైందని, ఫలానా తేదీ నుంచి పనికి తగి ఉన్నారని రాసి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరుతో ఇచ్చిన ధ్రువపత్రం. అది మీ దగ్గర లేకపోతే రక్త పరీక్ష రిపోర్టు తీసుకుని, మీకు వైద్యం చేసిన డాక్టరు గారి దగ్గరికే వెళ్లి, వారి రిజిస్టరు ఆధారంగా రాసి ఇవ్వమని అడగండి.

ఇన్వర్టర్ విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేను. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి నెట్ బిల్లును, కరెంటు బిల్లును యజమానే భరించాలని విడిగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. అందువల్ల ఖర్చుల విషయంలో ఒప్పందంలోని మాటే ప్రధానం, ఆ మాటను అక్షరమక్షరం చదవాలి. ఇంగ్లిష్ ఒప్పందంలో ‘షల్ రీయింబర్స్’ అని ఉంటే కంపెనీ తిరిగి ఇచ్చి తీరాలి. ‘మే రీయింబర్స్’ అని ఉంటే ఇవ్వడం ఇవ్వకపోవడం వారి ఇష్టం. మూడో రకం మీ ఒప్పందంలో ఉన్నది: నెలకింత అని అలవెన్సు పెట్టి, దాన్ని సీటీసీలో (మీకు ఇస్తామన్న మొత్తం జీతభత్యాల లెక్కలో) కలిపేయడం. నన్నడిగితే ఇది ఖర్చు ఇవ్వడమే కాదు. 23,000 ఇస్తామని ఒప్పుకున్న జీతంలోంచే 2,500కు వేరే పేరు పెట్టారు. బ్రాడ్‌బ్యాండ్ బిల్లు 800 వచ్చినా 1,500 వచ్చినా మీకు ముట్టేది మారదు. బిల్లులు చూపితే పన్ను మిగులుతుందని కొందరు అంటారు గానీ, కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12 లక్షల లోపు ఆదాయానికి పన్నే పడదు కాబట్టి, మీ జీతానికి ఆ మాట అనవసరం.

అయినా మీకు ఒక ఆధారం ఉంది. నెలనెలా వచ్చే చిన్న ఖర్చులకు ఇచ్చే అలవెన్సు వేరు, పని ఆగకుండా ఉండాలని మేనేజర్ ప్రత్యేకంగా చెప్పి కొనిపించిన పరికరం వేరు. మీ ఒప్పందంలో ‘ముందస్తు రాతపూర్వక అనుమతితో చేసిన ఖర్చులు చెల్లించబడును’ అన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే, ఆఫీసు చాట్‌లో వచ్చిన సందేశం కూడా రాతపూర్వకమే అవుతుంది. 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం ఎలక్ట్రానిక్ రాతను గుర్తిస్తుంది. కంపెనీ ఖాతా మూసేస్తే ఆ చాట్ మీకు కనబడదు కాబట్టి తేదీ, పేరు కనిపించేలా ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేనేజర్ ఫోన్‌లో మాత్రమే చెప్పి ఉంటే, ‘ఫలానా నెలలో మీరు చెప్పిన ప్రకారం ఇన్వర్టర్ కొన్నాను, బిల్లు జతచేస్తున్నాను’ అని ఆయనకు ఒక మెయిల్ పెట్టండి. ఆయన కాదనకపోతే అదీ ఒక ఆధారమే. ఇంత చెప్పినా 18,000 మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ ఇన్వర్టర్‌తో మీ ఇంట్లో ఫ్యాన్లు కూడా తిరుగుతాయని వారు అంటారు, అందులో న్యాయం లేకపోలేదు. సగం అడగడం మర్యాదగా ఉంటుంది, వచ్చే అవకాశమూ ఎక్కువ. కంపెనీ మొత్తం డబ్బు ఇస్తే వస్తువు తమదని, ఉద్యోగం మానేటప్పుడు తిరిగి ఇవ్వాలని అడగవచ్చన్న సంగతి కూడా మరవకండి.

జీతం కోత, ఈఎస్ఐ, ఇన్వర్టర్ మూడింటినీ ఒకే మెయిల్‌లో కలపవద్దు. కలిపితే చివరిదాని గురించి నాలుగు మాటలు రాసి మొదటి రెండింటినీ దాటవేస్తారు. మొదటి మెయిల్‌లో ఇంత రాస్తే చాలు: ‘ఆగస్టులో పదకొండు రోజుల జబ్బు సెలవుకు 8,433 రూపాయలు కోత విధించారు. దుకాణాలు, సంస్థల చట్టం 30వ సెక్షన్ ప్రకారం మొదటి పన్నెండు నెలల్లోనే పన్నెండు రోజుల జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది. వైద్య ధ్రువపత్రం జతచేశాను. వచ్చే నెల జీతంతో ఈ మొత్తాన్ని చెల్లించగలరు.’ రెండో మెయిల్‌లో ఒకే ప్రశ్న అడగండి: 2,500 రూపాయల వర్క్ ఫ్రమ్ హోమ్ అలవెన్సు ఖర్చుల కోసం ఇచ్చే సొమ్మా, వేతనమా? ఖర్చు అంటే ఈఎస్ఐలో చేర్చవలసి వస్తుంది, వేతనం అంటే ఇన్వర్టర్‌కు చెప్పిన సాకు పోతుంది. ఏ జవాబు వచ్చినా మీకు మేలే. మూడో మెయిల్ ఆ జవాబు వచ్చాక రాయవచ్చు. నెల రోజుల్లో కదలిక లేకపోతే జీతం కోత మీద కార్మిక శాఖ అధికారికి, ఈఎస్ఐ మీద ఈఎస్ఐ కార్పొరేషన్ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటూ రెండేళ్లుగా ఒక విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నెలకు 1,40,000 రూపాయలకు సమానమైన డాలర్లు వస్తాయి. ఒప్పందంలో నన్ను ‘ఇండిపెండెంట్ కాంట్రాక్టర్’ అన్నారు, కానీ సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి రెండున్నర వరకు లాగిన్ అయి ఉండాలి. ఈ మధ్య అపెండిసైటిస్ ఆపరేషన్ అయ్యి పన్నెండు పనిదినాలు పోయాయి. ఆ నెల ఫీజులో సగానికి పైగా తగ్గించి పంపారు. మానిటరు, కుర్చీకి పెట్టిన 45,000 కూడా ఇవ్వలేదు. ఉద్యోగులకు ఉన్న హక్కులేవీ నాకు లేవా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కాగితం మీద లేవండీ. ఈఎస్ఐ గానీ, 30వ సెక్షన్ గానీ ఉద్యోగికే వర్తిస్తాయి. మీరు వేళలకు కట్టుబడి, ఒక్కరి ఆజ్ఞ మీదే పనిచేస్తున్నారు కాబట్టి నిజానికి ఉద్యోగేనని వాదించడానికి ఆస్కారం ఉంది. కానీ భారతదేశంలో కార్యాలయమే లేని కంపెనీ మీద, వేరే దేశపు నగరంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు విచారణ) జరగాలని రాసుకున్న ఒప్పందంతో ఆ వాదన గెలవడం, గెలిచినా డబ్బు రాబట్టుకోవడం ఎంత కష్టమో మీరే ఊహించగలరు. ముందు ఒకటి చూసుకోండి. డబ్బు నేరుగా విదేశం నుంచి వస్తోందా, లేక ఆ కంపెనీ తరఫున ఇక్కడి పేరోల్ సంస్థ ఏదైనా వేస్తోందా? ఇక్కడి సంస్థ జీతంగా చూపి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను), పీఎఫ్ (భవిష్య నిధి) కోస్తుంటే మీరు దాని ఉద్యోగి, అప్పుడు పై జవాబులోని సెలవు హక్కులు మీకూ ఉన్నాయి. వృత్తి రుసుముగా చూపి 10 శాతం కోసినా, ఏమీ కోయకుండా డాలర్లు వచ్చినా మీరు కాంట్రాక్టరే.

కాంట్రాక్టరైతే మీ సిక్ లీవ్ మీ రేటులోనే ఉండాలి. ఇక్కడి ఉద్యోగికి రెండో ఏడాది నుంచి జబ్బు సెలవు పన్నెండు, క్యాజువల్ పన్నెండు, ఆర్జిత సెలవు పదిహేను, మొత్తం 39 రోజులు జీతంతో వస్తాయి. వారానికి అయిదు రోజుల లెక్కన ఏడాదికి సుమారు 260 పనిదినాలైతే, అతను 221 రోజులు పనిచేసి 260 రోజుల జీతం తీసుకుంటాడు. పని చేసిన రోజుకే డబ్బు తీసుకునే మీరు అతనితో సమానం కావాలంటే మీ రేటు 17 నుంచి 18 శాతం ఎక్కువ ఉండాలి, అదీ పండుగ సెలవులు లెక్కలోకి తీసుకోకుండానే. ఒప్పందం రెన్యువల్ చేసేటప్పుడు ఈ లెక్క చూపి, రేటు పెంచమనో, ఏడాదికి పది రోజులు డబ్బుతో కూడిన విరామం రాయమనో అడగండి. విదేశీ కంపెనీలు మొదటిదానికంటే రెండోదానికి తేలిగ్గా ఒప్పుకుంటాయని నా అనుభవం.

మానిటరు, కుర్చీ డబ్బు మీద ఆశ వదులుకోండి. ‘ఫీజులో అన్ని ఖర్చులూ కలిసి ఉన్నాయి’ అన్న వాక్యం మీ ఒప్పందంలో తప్పక ఉండి ఉంటుంది. పన్ను దగ్గరైనా కొంత కలిసి వస్తుందా అంటే, మీరు ఐటీ వృత్తిలో వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపే పద్ధతి ఎంచుకుని ఉంటే, మిగిలిన సగం ఖర్చు కింద పోయినట్టే, మళ్లీ కుర్చీ బిల్లు విడిగా చూపడం కుదరదు. ఇకమీదట ఖరీదైన వస్తువు కొనే ముందే మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకుని, ఆ నెల ఇన్వాయిస్‌లో ఫీజు కింద విడి వరుసగా వేయండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవలసి వస్తుంది. మీది ఇప్పుడు 16,80,000 కాబట్టి రేటు పెంచుకునేటప్పుడు ఆ గీతను దృష్టిలో పెట్టుకోండి.

ఆసుపత్రి బిల్లుకు ఆరోగ్య బీమా ఉన్నా, పోయిన రోజుల ఆదాయాన్ని అది ఇవ్వదు. ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకూ నిర్ణీత మొత్తం ఇచ్చే ‘హాస్పిటల్ క్యాష్’ పాలసీ అందుకు కొంత ఉపయోగపడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అయితే ఇంటికి వచ్చి పడుకున్న రోజులకు ఆ పాలసీ డబ్బివ్వదు కాబట్టి, ఒక నెల ఫీజు విడిగా దాచుకోవడం తప్పదు.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తోంది. కంపెనీ టెక్సస్‌లో ఉంది. సొంత ఫోను, ఇంటి ఇంటర్నెట్ వాడుతున్నా ఏమీ ఇవ్వడం లేదట. ఆఫర్ లెటర్‌లో ‘ఇంటి ఖర్చులు ఉద్యోగివే’ అని ఉందట. అడగవచ్చా?
— ఒక తల్లి, నెల్లూరు

జవాబు: నిస్సందేహంగా అడగవచ్చు. కంపెనీ టెక్సస్‌లో ఉన్నా ఆమె పనిచేసేది కాలిఫోర్నియాలో కాబట్టి అక్కడి చట్టమే వర్తిస్తుంది. పని కోసం తప్పనిసరిగా చేసిన ఖర్చును యజమాని ఇచ్చి తీరాలని కాలిఫోర్నియా లేబర్ కోడ్ 2802వ సెక్షన్ చెబుతుంది. ఆ హక్కును వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం చెల్లదని 2804వ సెక్షన్ చెబుతుంది. ఎలాగూ ఇంట్లో నెలవారీ ఫోను ప్లాను ఉంది కదా, అదనంగా పడిన ఖర్చేమీ లేదు కదా అని కంపెనీ అనవచ్చు. 2014లో అక్కడి అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, సొంత ఫోను తప్పనిసరిగా వాడవలసి వస్తే బిల్లులో సమంజసమైన భాగం ఇవ్వాలన్నది. జబ్బు సెలవు కూడా 2024 జనవరి 1 నుంచి ఏడాదికి కనీసం 40 గంటలు లేదా అయిదు రోజులు జీతంతో ఉంది. చేరిన తొంభయ్యో రోజు నుంచి వాడుకోవచ్చు. చేరిన నాటి నుంచి బిల్లులన్నీ తీసి, నెలకు పని కోసం ఎంత భాగం వాడుతోందో ఒక అంచనా రాసుకుని, కంపెనీకి మెయిల్ పెట్టమనండి.